అవ్వ అంటే ఎవరని అడగలేదు

కొత్తగా అంగన్‌వాడీల్లో చేరిన అమ్మాయిలకు నాలుగు మాటలు చెప్పమని ఈమధ్య నన్ను పిలిచారు. శాలువా కప్పారు. "టీచరమ్మ ఇన్నేళ్లూ చంటిపిల్లలకు తల్లిలా సేవ చేశారు" అని ఒకాయన మైకులో అన్నాడు. 'తల్లిలా' అన్న మాట చెవిన పడగానే తల దించుకున్నాను. అది వినయమనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. పాలు కాచి పోయండి, పిల్లల్ని కొట్టకండి అని రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. చెప్పవలసిన సంగతి మాత్రం చెప్పలేదు. నాకు చెప్పే ధైర్యం ఎప్పుడూ తక్కువే, రాసే ధైర్యం కొంచెం ఉంది. అందుకని రాస్తున్నాను.

ఇందులో నా గొప్పలు లేవు. ఉన్నా ఎవరికీ పనికిరావు. ఒక తప్పు ఉంది. అది పనికొస్తుంది.

పని అంటే ఇదీ

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడెనిమిదేళ్లకు మా ఆయనకు మెదక్ బదిలీ అయింది. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నేను బాలసేవిక ట్రైనింగు అయ్యి ఖాళీగా ఉన్నాను. మెదక్ వచ్చిన మూడో నెలలోనే బాలవాడిలో ఉద్యోగం దొరికింది. పెద్ద చర్చి గోపురం కనిపించే ఒక సందులో, పెంకుటింట్లో, రెండు గదుల బడి. ముప్పై మంది పిల్లలు. అందరూ మూడేళ్లకూ ఐదేళ్లకూ మధ్య వాళ్లు. వాళ్లను చూసుకోవడానికి నేనూ, ఆయా మార్తమ్మా.

ఈ పని గురించి పుస్తకాల్లో చాలా రాస్తారు. నిజానికి ఇందులో సగం ముక్కులు తుడవడం, చెడ్డీలు కడగడం, ఒకడి జుట్టు ఇంకొకడి పిడికిట్లోంచి విడిపించడం. పాలపొడి ఉండలు కట్టకుండా కలపడం కూడా ఒక విద్యే. అది నాకు మార్తమ్మ నేర్పింది. మిగతా సగం మాటలు. పిల్ల ఏదో అంటుంది, మనం ఏదో అంటాం. ఈ రెండో సగం నాకు బాగా వచ్చని అనుకునేదాన్ని. నా నాశనం అక్కడే మొదలైంది.

మా ఊళ్లో మాట్లాడేదే తెలుగు అనీ, ఇక్కడ వినిపించేది ఎక్కడో దారి తప్పిన తెలుగు అనీ ఆ రోజుల్లో నా గట్టి నమ్మకం. పిల్లలు "గిట్ల రా" అంటే "ఇలా రా" అని దిద్దేదాన్ని. వాళ్లు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. మార్తమ్మ పిల్లలతో మాట్లాడబోతే "మార్తమ్మా, పిల్లల ముందు ఆ భాష వద్దు. ముక్కులు తుడువు చాలు, మాటలు నేను చూసుకుంటాను" అన్నాను. మార్తమ్మ నాకంటే పన్నెండేళ్లు పెద్దది. నలుగుర్ని కని పెంచిన మనిషి. నాకు అప్పటికి పిల్లలు కూడా లేరు.

"మంచిది టీచరమ్మా" అని ఆమె ముక్కులు తుడిచింది.

నేను గీసిన కుటుంబం

రోజూ పొద్దున పాటలు అయ్యాక 'మా ఇల్లు' అని ఒక పాఠం ఉండేది. పిల్లకు తనెవరో, తన ఇంట్లో ఎవరెవరున్నారో, పక్కింటివాళ్లు తమకంటే ఎలా వేరో, ఎలా ఒకటో తెలియాలి. ఉద్దేశం చాలా మంచిది. ఇప్పటికీ ఇంతకంటే మంచి పాఠం లేదంటాను. దాన్ని నేను చెప్పిన తీరే బాగా లేదు.

దానికోసం వారం రోజులు కూర్చుని పెద్ద అట్ట మీద ఒక కుటుంబం బొమ్మ గీశాను. పడక్కుర్చీలో పేపరు చదువుతున్న నాన్న. ముడి వేసుకుని, పూలు పెట్టుకుని, కాఫీ తెస్తున్న అమ్మ. అన్నయ్య, చెల్లాయి, జపమాలతో నాయనమ్మ. మూల తులసి కోట. కింద గుండ్రటి అక్షరాలతో 'అమ్మ', 'నాన్న' అని రాశాను. గోడకు తగిలించి నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూసుకుని మురిసిపోయాను.

"ఈమె ఎవరు?" అని అమ్మ బొమ్మ మీద బెత్తం పెట్టి అడిగాను.

"టీచరు!" అని ముప్పై గొంతులూ ఒక్కసారి అరిచాయి.

"కాదు. బాగా చూడండి. మరి ఈయన?"

"తాసిల్దారు" అన్నాడు సలీం. వాడు దర్జీ కొడుకు, నాలుగున్నరేళ్లు, నోరు ఊరుకోదు. వాడికి తెలిసినంతలో పగటిపూట కుర్చీలో కూర్చుని కాగితాలు చూసే మనిషి ఒక్కడే. పనిమీద తండ్రి కచేరీకి వెళ్తే వెంట వెళ్లి చూశాడట.

నేను నవ్వాలి కదా. నవ్వలేదు. "ఇది అమ్మ, ఇది నాన్న, అనండి" అని అనిపించాను. అందరూ అన్నారు. సలీం మాత్రం "మా ఇంట్ల అమ్మీ" అన్నాడు.

"అమ్మీ కాదు నాన్నా, అమ్మ."

"అమ్మీ నాది. అమ్మ వీళ్లది" అని పక్కవాళ్లను చూపించాడు. ఆ నాలుగేళ్లవాడు నా పాఠం మొత్తాన్ని రెండు ముక్కల్లో చెప్పేశాడు. నేను మూతి మీద వేలు వేసుకోమన్నాను.

సుగుణ అని ఇంకో పిల్ల ఉండేది, చర్చి దగ్గర వడ్రంగి కూతురు. ఉప్మా పెట్టగానే కళ్లు మూసుకుని తల వంచేది. రెండు వారాలు "తినేటప్పుడు నిద్రేమిటే" అని కసురుకున్నాను. ఆ పిల్ల ప్రార్థన చేసుకుంటోందని ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పే నోరు నేను ముందే మూయించాను మరి.

బాలమణి

దసరా సెలవులు అయ్యాక బాలమణి వచ్చింది. నాలుగేళ్ల పిల్ల. నూనె లేని జుట్టు, పెద్ద కళ్లు. దింపడానికి వచ్చిన ఆమెను వెనకనుంచి మాత్రమే చూశాను. బియ్యం మిల్లు కూత వినిపించగానే పిల్లను గుమ్మంలో వదిలి పరుగున వెళ్లిపోయింది. వంగిన నడుము, తెల్లటి తల. ముసలామె అనుకున్నాను.

పేరు రాసుకోవాలి కదా. పిల్లనే అడిగాను.

"మీ అమ్మ ఏదమ్మా?"

"అమ్మ సచ్చిపోయింది."

"అయ్యో! ఎప్పుడు?"

"బోనాలప్పుడు."

"మరి నీకు అన్నం ఎవరు పెడతారు?"

"అవ్వ. అవ్వ మిల్లుల పనికి పోతది."

నా గుండె కరిగిపోయింది. రిజిస్టరులో తల్లి పేరు ఉండవలసిన చోట 'లేదు' అని రాశాను. పక్కనే 'అవ్వ పెంపకం' అని కూడా రాశాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అనేవాళ్లు. ఆ అక్షరాలు కూడా చాలా బాగా కుదిరాయి.

మా వైపు అవ్వ అంటే ముసలమ్మ. పిల్లల కథల్లో కట్టెలు ఏరుకునే ముసలమ్మ. మెదక్‌లో చాలా ఇళ్లలో అవ్వ అంటే కన్నతల్లి. బాలమణి ఇంట్లో తల్లి తల్లిని 'అమ్మ' అని పిలిచేవాళ్లు. బోనాల పండగప్పుడు పోయింది ఆ ముసలావిడ. బాలమణి చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. తను నన్ను నమ్మి తన ఇంటి సంగతి సరిగ్గా చెప్పింది. నేను నా ఊరి తెలుగులో విని, ఆ ఇంట్లో మనిషిని చంపేశాను.

ఆ తెల్లటి తల సంగతీ చెప్పాలి. ఆమె పేరు పోచవ్వ. వయసు ముప్పైకి లోపే. మిల్లులో తవుడు దుమ్ములో రోజంతా నడుము వంచి చెరుగుతుంది. తల మీద గుడ్డ కట్టుకున్నా దుమ్ము ఆగదు. పొద్దున కూడా ఆ జుట్టు తెల్లగానే ఉండేది. వారానికొకసారి తలంటుకుంటే గానీ నల్లబడదు.

ఒకటి రెండుసార్లు గుమ్మంలో ఎదురుపడింది. ఆ మొహంకేసి సరిగ్గా చూడనైనా లేదు. "అవ్వా, పిల్లకు తలకు నూనె రాసి పంపించు" అన్నాను. మెదక్‌లో ఎవరింటి ఆడమనిషినైనా అవ్వా అని ఆప్యాయంగా పిలుస్తారు. టీచరు అంత మర్యాదగా పిలిచిందని ఆమె మురిసిపోయి "మంచిది టీచరమ్మా" అని వెళ్లిపోయింది. ఇద్దరం ఒకే మాట అనుకున్నాం, చెరొక అర్థం పెట్టుకుని. అలా నాలుగు నెలలు గడిచాయి.

మార్తమ్మ ఒకసారి "టీచరమ్మా, ఒక్క మాట. గా బాలమణి తల్లి లేదా..." అని మొదలుపెట్టింది. 'లేదా' అన్నది ఇక్కడి మాట తీరు, 'ఉంది కదా' అని అర్థం. నేను "తెలుసు, పాపం, తల్లి లేదు" అని అందుకుని పాల గిన్నె ఆమె చేతిలో పెట్టాను.

ఇక నా జాలి సంగతి. ఈ ఉద్యోగంలో కోపం కంటే జాలి ఎక్కువ చెరుపు చేస్తుందని నా అభిప్రాయం. కోపం వస్తే ఎవరో ఒకరు ఆపుతారు, జాలిని ఎవరూ ఆపరు. బాలమణిని ఒళ్లో కూర్చోబెట్టుకునేదాన్ని. రెండో గ్లాసు పాలు పోసేదాన్ని. మిగతా పిల్లలతో "బాలమణిని ఏడిపించకండి, పాపం దానికి అమ్మ లేదు" అనేదాన్ని. ఒకరోజు తను బొమ్మలో అమ్మను చూస్తూ కూర్చుంటే దగ్గరకు తీసుకుని, "మీ అమ్మ దేవుడి దగ్గర ఉంది. అవ్వ అంటే ముసలామె. ఆమె నిన్ను పెంచుతోంది. అందరికీ అమ్మలు ఉండరు" అని నచ్చజెప్పాను. పిల్ల పైకి పెంకుల వైపు చూసింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. పోచవ్వ అన్నం కలిపి ముద్ద పెట్టబోతే పిల్ల అడిగిందట, "నా అమ్మ ఏది?" అని. "నేనే గదనే" అందట పోచవ్వ. "నువ్వు అవ్వవు. అవ్వ అంటే ముసల్ది. నాకు అమ్మ లేదు. టీచరు చెప్పింది." పోచవ్వ మొదట నవ్విందట. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. వాడకట్టు ఆడవాళ్లు వేళాకోళం మొదలుపెట్టారు, పిల్లను ఎక్కడినుంచి తెచ్చుకున్నావే అని. పోచవ్వకు నవ్వు పోయింది.

తల్లుల సమావేశం

సూపర్‌వైజరమ్మ బడి చూడటానికి వస్తున్నట్టు కబురు వచ్చింది. ఆమె చెడ్డ మనిషి కాదు. గోడలు శుభ్రంగా ఉండాలి, పిల్లలు గట్టిగా అప్పజెప్పాలి, అంతే ఆమెకు కావలసింది. ఆమె మెప్పు కోసం నేను ఒక కార్యక్రమం వేశాను. తల్లులంతా రావాలి. ఒక్కొక్క పిల్లా తల్లి చెయ్యి పట్టుకుని ముందుకు వచ్చి "ఈమె మా అమ్మ. మా అమ్మ పేరు ఫలానా" అని చెప్పాలి.

తల్లులు బాగానే వచ్చారు. సలీం తల్లి బురఖాలో వచ్చి తలుపు పక్కన కూర్చుంది. వాడు "మా అమ్మీ" అన్నాడు. నేను కళ్లు పెద్దవి చేశాను. "అమ్మ" అని గొణిగి, వెంటనే తల్లి వైపు తిరిగి "అమ్మీ" అన్నాడు. అందరూ నవ్వారు. వాడిది మొండి ఘటం, బతికిపోయాడు. పిల్లలందరూ మొండివాళ్లు కారు.

బాలమణి వంతు వచ్చింది. నేను చాలా ముందే ఆలోచించి పెట్టుకున్నాను. లేచి వెళ్లి పిల్ల చెయ్యి పట్టుకున్నాను. ముప్పై మంది ఆడవాళ్ల ముందు, సూపర్‌వైజరమ్మ ముందు, గొంతు కొంచెం వణికించి కూడా, ఇలా అన్నాను.

"ఈ పాపకు తల్లి లేదు. ఈ రోజుకు నేనే దీని అమ్మను."

తల్లులంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా మాటకు అందరి మనసులూ కదిలాయనుకున్నాను. సూపర్‌వైజరమ్మ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది.

వెనక వరుసలోంచి ఒకామె లేచింది. తలంటుకున్న నల్లటి జుట్టు, బిగించి వేసిన కొప్పు, పెట్టెలోంచి తీసిన మడతలు పోని చీర. మిల్లులో సగం పూట సెలవు అడిగి వచ్చింది. నేను ఆమెను ఎప్పుడూ చూడలేదనుకున్నాను.

"నేను సచ్చిపోయిన్నా, టీచరమ్మా?" అంది.

గొంతు పెంచలేదు. నిజంగా అడుగుతున్నట్టే అడిగింది. చదువుకున్నదాన్ని కదా, నాకు ఏదైనా తెలిసి ఉంటుందేమో అన్నట్టు.

"నువ్వెవరు?"

"పోచవ్వ. గీ పిల్ల నా బిడ్డ. తొమ్మిది నెలలు మోసిన్నో లేదో మీరే అడుగుండ్రి దాన్ని."

నేను పిల్లను అడిగాను. నాకు ఇంకేం తోచలేదు. "బాలమణీ, ఈమె ఎవరు?"

"అవ్వ" అంది బాలమణి. అని, ఒప్పా తప్పా అన్నట్టు నా మొహంలోకి చూసింది. కన్నతల్లి ఎవరో చెప్పడానికి ఆ పిల్ల నా అనుమతి అడిగింది.

కొందరు ఆడవాళ్లు నవ్వారు. అవ్వ అంటే ఏమిటో ఆ క్షణంలో నాకు అర్థమైంది. పూర్తిగా అర్థమైంది. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడిదాకా నాది తెలియక చేసిన తప్పు. ఇక్కడనుంచి కాదు.

సూపర్‌వైజరమ్మ నా వైపు చూస్తోంది. నేను గొంతు సవరించుకుని పోచవ్వతో అన్నాను. "చూశావా? ఇంట్లో తప్పు మాటలు నేర్పితే ఇలాగే ఉంటుంది. అవ్వ అనకూడదు, అమ్మ అనాలి. పిల్ల అమ్మ అని ఉంటే ఈ పొరపాటే జరిగేది కాదు."

"నిజమే, ఇళ్లల్లో భాష బాగుపడాలి" అని సూపర్‌వైజరమ్మ అంది.

పోచవ్వ కోపం చూపిస్తుందేమోనని భయపడ్డాను. చూపించి ఉంటే ఎంత బాగుండేది! ఆమె తల దించుకుంది. "గట్లనే టీచరమ్మా. మాకు సదువు లేకపాయె. నేర్పుత" అంది. వచ్చి బిడ్డ చెయ్యి పట్టుకుంది. నా చేతిలోంచి తీసుకుంది అనాలి.

ఆ రోజు తనిఖీ పుస్తకంలో నన్ను మెచ్చుకుంటూ రెండు వాక్యాలు పడ్డాయి.

మార్తమ్మ అన్న మాట

అందరూ వెళ్లాక మార్తమ్మ పాల గ్లాసులు కడుగుతోంది. నేను దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. ఆమె తల ఎత్తలేదు.

"నీకు ముందే తెలుసు కదా. నాకు చెప్పకూడదా?" అన్నాను. అప్పుడు కూడా తప్పు ఇంకొకరి నెత్తిన పెట్టే ప్రయత్నమే.

"చెప్పనిచ్చిండ్రా?" అంది.

ఇంకో గ్లాసు కడిగి బోర్లించింది. తర్వాత తనే అంది. "తెల్వక రాసిండ్రు. గది ఎవలతోనైన అయితది. గని గామె నడుమల నిలవడి నేను బతికే ఉన్న అన్నంక గూడ, నీదే తప్పు అన్నరు సూడుండ్రి. గది తెలిసి చేసిండ్రు టీచరమ్మా."

ఇన్నేళ్లలో నా మీద ఎందరో అధికారులు ఎన్నో రిపోర్టులు రాశారు. నిజం పలికింది ఈ ఒక్కటే. ఆ మాట అన్న మనిషికి అక్షరాలు రావు.

ఆ సాయంత్రమే గోడ మీది అట్టను దించేశాను. మా ఆయనతో చెప్పుకుని ఏడ్చాను కూడా. ఏడ్చి ఏం లాభం? వెళ్లవలసిన ఇల్లు నాలుగు సందుల అవతల ఉంది. నేను వెళ్లలేదు.

మార్చుకున్నవీ, మార్చలేనిదీ

పని తీరు మాత్రం మార్చుకున్నాను. ఇది కొత్తవాళ్లకు పనికొస్తుంది కనుక రాస్తున్నాను, నా పాపం కడుక్కోవడానికి కాదు.

పిల్ల బడిలో చేరినప్పుడు తల్లి ఉందా లేదా అని అడగడం మానేశాను. "మీ ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరిని ఏమని పిలుస్తావు?" అని అడిగి, మార్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె అర్థం చెప్పాకే రాసేదాన్ని. వారంలోపు ఆ ఇంటికి వెళ్లి వచ్చేదాన్ని. 'మా ఇల్లు' పాఠంలో నేను నోరు మూసుకుని పిల్లల్ని మాట్లాడనిచ్చాను. సలీం ఇంట్లో పదకొండు మంది ఒకే గుడ్డ పరుచుకుని చుట్టూ కూర్చుని తింటారు, దాన్ని దస్తర్‌ఖాన్ అంటారు. మేం ఒక పాత దుప్పటి పరుచుకుని అలాగే కూర్చుని ఉప్మా తిన్నాం. సుగుణ కళ్లు మూసుకుంటే ఆ పిల్ల తెరిచేదాకా అందరం ఆగాం. ఒకడు తండ్రిని బాపు అన్నాడు, ఒకడు నాయిన అన్నాడు, ఒకడు అబ్బా అన్నాడు. "అందరూ ఒక్కలేనా?" అని ఒక పిల్ల అడిగితే సలీం "ఒక్కలే గాదు, ఎవలది వాళ్లకే" అని తేల్చేశాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

మార్తమ్మ పిల్లలతో తన భాషలో మాట్లాడటం మొదలుపెట్టింది. నేను అడగలేదు, ఆమె అనుమతి కోరలేదు. అంతకు ముందు బడిలో నోరు విప్పని పిల్లలు ఆరుగురు ఉండేవాళ్లు. మందబుద్ధులని అనుకున్నాను. నెల తిరిగేసరికి వాళ్ల నోళ్లు మూయించడం మా వల్ల కాలేదు.

బాలమణి మాత్రం మారలేదు. అంటే, నేను చెప్పినట్టు మారిపోయింది. చురుకైన పిల్ల. సమావేశమైన మర్నాటినుంచి "మా అమ్మ" అనడం మొదలుపెట్టింది. మిగతా మాటలు కూడా నావే పట్టుకుంది. 'వచ్చింది', 'వెళ్లాను', 'చెప్పండి'. అందరూ మెచ్చుకునేవాళ్లు. అవ్వ అన్నా తప్పులేదమ్మా అని ఎన్నోసార్లు చెప్పి చూశాను. బడికి వచ్చిన ముప్పై మంది తల్లుల ముందు విన్న మాటను, చెవిలో చెప్పిన మాట చెరపలేదు.

ఆ ఏడాదంతా పోచవ్వ గుమ్మంలో పిల్లను దింపి వెళ్లింది. నేను ఏదో పని ఉన్నట్టు లోపలి గదిలోకి వెళ్లేదాన్ని. క్షమించమని అడగడానికి ఒక ఆదివారం చాలు. నాకు ఏడాదిన్నర పట్టింది. బాలమణి ఒకటో తరగతికి వెళ్లిపోయాక, ఇక గుమ్మంలో ఎదురుపడే భయం లేదని తేలాక వెళ్లాను.

పోచవ్వ ఇంట్లో

ఒక్క గది ఇల్లు. ముందు చిన్న వాకిలి. పోచవ్వ చేటలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి గబగబా లేచి, గొంగడి పరిచి "కూసోండ్రి టీచరమ్మా" అంది. నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని భయం.

"తప్పు నాది. ఆ రోజు నీ తప్పు ఏమీ లేదు. అందరి ముందు నిన్ను అన్నాను. నాకు తెలిసే అన్నాను."

"ఎన్నటి ముచ్చట టీచరమ్మా, పోనియ్యుండ్రి" అంది. చేట పక్కన పెట్టింది.

బయటినుంచి బాలమణి పరుగెత్తుకొచ్చింది. జడలు వేసుకుంది, పొడుగైంది. నన్ను చూసి ఆగి, చేతులు జోడించి, "అమ్మా, టీచరుగారు వచ్చారు" అంది. అచ్చం తెనాలి యాస. మెదక్‌లో పుట్టి, మిల్లు పక్కన పెరిగిన పిల్ల నోట్లోంచి నా గొంతు వచ్చింది.

"మంచిగ మాట్లాడతది, మీ లెక్కనే" అంది పోచవ్వ. అందులో ఎత్తిపొడుపు లేదు. వెతికాను, లేదు.

నేను పిల్లను దగ్గరకు పిలిచాను. "బాలమణీ, ఈమె నీకు ఏమవుతుంది? మీ ఇంట్లో అనుకునే మాట చెప్పు."

పరీక్ష పెడుతున్నాననుకుంది. నిటారుగా నిలబడి, "అమ్మ" అంది. మెచ్చుకుంటానని ఎదురుచూసింది.

"అవ్వ అనవే తల్లీ. అది తప్పు కాదు. నేనే తప్పు చెప్పాను" అని బతిమాలాను. పిల్ల నన్నూ తల్లినీ మార్చి మార్చి చూసి, సిగ్గుపడి, తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లిపోయింది.

"ఇగ అనది టీచరమ్మా" అంది పోచవ్వ. "దానికి సిగ్గు చొచ్చింది. దోస్తులు నవ్వుతరంటది. అప్పట్ల నేనే రెండు దెబ్బలేసి మాన్పించిన, మీరు చెప్పిండ్రని. మంచి సదువొస్తదనుకున్న."

"ఇంట్లో అయినా..."

"ఇంట్ల గూడ అనది." చేటలోంచి ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది. "జరమొస్తె మాత్రం ఒళ్లు కాలి సోయి ఉండదు గద, అవ్వా అవ్వా అని ఒర్రుతది. మొన్న మూడొద్దులు జరమొచ్చింది. మూడొద్దులు నన్ను అవ్వా అన్నది. తగ్గినంక మళ్ల అమ్మనే." నా వైపు తిరిగింది. "నాకు యినబుద్ధయితది టీచరమ్మా. గట్లని బిడ్డకు జరం రావాల్నని మొక్కుతనా?"

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "చాయ్ తాగి పొండ్రి" అంది. కాసేపటికి బాలమణి గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, ఒలకకుండా తెచ్చి, "తీసుకోండి" అంటూ నాకు ఇచ్చింది. తాగి వచ్చాను.